సూరమ్మ గారి పేరు ఎక్కడ రాయాలి?

తణుకు దగ్గర ఒక పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడిన ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దని కోరారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె వయసు 47. కిందటేడు నాన్నగారు పోయారు. కర్మల్లో పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగితే తమ్ముడు తాతయ్య పేరు దాకా చెప్పి ఆగిపోయాడు. పెదనాన్న కొడుకు అందుకుని "వీరాస్వామి" అన్నాడు. వెనక గుమ్మం దగ్గర కూర్చున్న మేనత్త వెంటనే, "వీరాస్వామి కాదురా, వీరన్న. వీరాస్వామి ఆయన తమ్ముడు. రంగం వెళ్ళిపోయాడు" అని సరిదిద్దింది. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఆవిడకు 84 ఏళ్ళు. ఆవిడ కూడా పోతే ఈ మాట చెప్పే మనిషి ఇక ఉండదన్న భయం ఆ రోజే పట్టుకుందట. వంశవృక్షం రాయాలని అప్పుడే అనుకున్నారు.

నాన్నగారి ట్రంకుపెట్టె తెరిస్తే శిస్తు రసీదులు, ఒక జాతకం, ఎస్సెస్సెల్సీ పుస్తకం, అన్నిటికీ అడుగున 1938 నాటి స్టాంపు కాగితం కనిపించాయి. తాతయ్య రాసిచ్చిన దస్తావేజు అది. "నా పెద్ద భార్య సూరమ్మకు మనోవర్తి నిమిత్తం" (అంటే ఆమె పోషణ కోసం) 70 సెంట్ల భూమి ఇస్తున్నట్టు, ఆమె యావజ్జీవం అనుభవించాక అది తిరిగి తన వారసులకే చెందాలన్నట్టు ఉంది. సూరమ్మ అన్న పేరు ఆ ఇంట్లో ఈమె ఎన్నడూ వినలేదు. అత్తయ్యను అడిగితే, "ఆ పాత కాగితాలు ఇప్పుడెందుకే" అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజులకు పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. "వంశవృక్షం రాయిస్తున్నావటగా. దేనికమ్మా, పొలం సంగతా?" అన్నాడు. పోయినవాళ్ళ గొడవ మనకెందుకని భర్త అంటున్నారు. అమెరికాలో చదువుతున్న కూతురు మాత్రం ఒక వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి అప్పుడే 19 పేర్లు ఎక్కించేసి, ఇంకా పంపమంటోంది. "ఎక్కడ మొదలుపెట్టాలి? సూరమ్మ పేరు రాయాలా, వద్దా? అన్నయ్యకు ఏం చెప్పాలి?" ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా,

మీ ఉత్తరం చదివి ముందుగా చెప్పాలనిపించింది ఒకటే: ఆ ట్రంకుపెట్టె కొన్నాళ్ళు మూసి పెట్టండి. కాగితాలు ఇంకో పదేళ్ళయినా ఆగుతాయి, 84 ఏళ్ళ అత్తయ్య ఆగలేరు. తొందర వల్ల మాత్రమే ఈ మాట అనడం లేదు. మన కాగితాల్లో ఎవరుంటారో చూడండి. శిస్తు రసీదులో మగవాడి పేరు, పట్టాలో మగవాడి పేరు, దస్తావేజులో "ఫలానా వారి కుమారుడు ఫలానా". ఆడవాళ్ళు కాగితమ్మీదికి వచ్చేది చాలా అరుదు, వచ్చినా "ఫలానా వారి భార్య" అనే వస్తారు. పుట్టింటి పేరు ఉండదు, తల్లి పేరు అసలే ఉండదు. మీ నానమ్మను కన్నతల్లి పేరు మీ జిల్లాలో ఏ ఆఫీసులో వెతుకుతారు? అది మీ అత్తయ్య నోట్లోనే ఉంది. మగవాళ్ళ పేర్లు తర్వాతైనా వెతికి పట్టుకోవచ్చు. ఆడవాళ్ళ పేర్లు ఆడవాళ్ళ దగ్గరే, అదీ వాళ్ళు ఉండగానే దొరుకుతాయి.

నేనిది అనుభవం మీద చెబుతున్నాను. మా అమ్మమ్మ వేసవి సాయంత్రాల్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వాళ్ళ మేనమామల గురించి, వాళ్ళ ఊరి చెరువు గురించి ఎన్నో చెప్పేది. నేను పక్కనే ఉండి కూడా సగం వినేవాణ్ణి. ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఆ ఈనెలు కుప్పగా పడ్డ చాట మాత్రం కళ్ళకు కట్టినట్టు గుర్తుంది.

అత్తయ్య దగ్గరికి పుస్తకం, పెన్ను పట్టుకుని "చెప్పండి, రాసుకుంటాను" అన్నట్టు వెళ్ళకండి. స్టాంపు కాగితం చూపించి "ఈవిడ ఎవరు" అని అడిగితే, అది విచారణలా తోచి లేచి వెళ్ళిపోయారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. నాలుగు రోజులు ఉండేలా వెళ్ళండి. ఆవిడ చేతిలో పని ఉన్నప్పుడు పక్కన కూర్చోండి. పాత పెళ్ళి ఫోటోలు పట్టుకెళ్ళండి. ఒక్కో ముఖం మీద వేలు పెట్టి "ఈయనెవరు అత్తయ్యా" అంటే చాలు. ఒక పేరు పది పేర్లను లాక్కొస్తుంది. ఫోన్లో రికార్డు చేయాలంటే ముందే చెప్పి, ఆవిడ సరేనంటేనే చేయండి. దాచిపెట్టి చేశారని తర్వాత తెలిస్తే ఆ ఇంట్లో మీతో మరి ఎవరూ నోరు విప్పరు.

సంవత్సరాలు అడగొద్దు. ఆ తరం వాళ్ళకు పుట్టిన తేదీలు గుర్తుండవు గానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది పక్కాగా తెలుసు. జపానువాళ్ళు కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. "బాంబులు పడ్డప్పుడు నేను చంటిపిల్లనట" అని మీ అత్తయ్య అన్నారంటే ఆవిడ పుట్టిన ఏడు దాదాపు తెలిసినట్టే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. గోదావరి పుష్కరాలు 1979లో, 1991లో, 2003లో, 2015లో వచ్చాయి. పెద్దావిడ ఏ పుష్కరాలకు ముందు పోయింది, ఎవరి పెళ్ళి ఉప్పెన ఏడాది అయింది, ఇలా అడుగుతూ పోతే తేదీలు వాటంతట అవే దగ్గరకొస్తాయి. జాతకం దొరికిందన్నారు, అందులో ప్రభవ, విభవ అంటూ సంవత్సరం పేరు ఉంటుంది. అవి అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి రక్తాక్షి అని ఉంటే 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు. మనిషి ఏ తరమో తెలిస్తే ఏదో తేలిపోతుంది. శిస్తు రసీదుల మీద ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) సంఖ్య కనిపిస్తే దానికి 590 కలపండి. ఫసలీ 1341 అంటే 1931-32.

ఇక రాసుకోవడం. పెద్ద చార్టు తెచ్చి గోడకు అంటించి కొమ్మలు గీయడం చివరి పని. మొదట ఒక లావుపాటి నోటుపుస్తకం తీసుకుని మనిషికి ఒక పేజీ ఇవ్వండి. మీతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి. పెన్సిల్‌తో రాయండి. ప్రతి సంగతి పక్కన "అత్తయ్య చెప్పింది, ఫలానా రోజు" అనో, "దస్తావేజులో చూశాను" అనో రాసుకోండి. విన్నది వేరు, చూసింది వేరు. ఈ తేడా మొదట్లోనే రాసుకోకపోతే రెండేళ్ళ తర్వాత మీకే గుర్తుండదు.

మన వాళ్ళలో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. మీ పుస్తకంలో ఇద్దరు వీరన్నలో, ముగ్గురు వీరన్నలో తేలితే కంగారు పడొద్దు. ప్రతి పేరు వెనక తండ్రి పేరు కూడా రాస్తే కలగాపులగం కాకుండా ఉంటుంది. పాత కాగితాల్లోనైతే సంతకం, వేలిముద్ర చూడండి. ఒక వీరన్న వేలిముద్ర వేసి, ఇంకో వీరన్న సంతకం చేశాడంటే వాళ్ళిద్దరూ ఒకరు కాకపోవచ్చు. ఇంకో చిక్కు మీ ఇంట్లోనే ఉంది. మీ అత్తయ్య భర్త మీ నానమ్మకు సొంత తమ్ముడని రాశారు. అంటే ఆయన ఒకవైపు నుంచి మీకు మామయ్య, ఇంకోవైపు నుంచి తాత వరస. మేనరికాలున్న మన కుటుంబాల్లో కొమ్మలు విడిపోయి మళ్ళీ వచ్చి కలుస్తాయి. మీ అమ్మాయికి ఇది ముందే చెప్పండి. ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించకుండా, ఉన్న మనిషికే రెండో బంధం కలపాలి. లేకపోతే ఒక మామయ్య ఇద్దరవుతాడు.

ఇప్పుడు సూరమ్మ గారి సంగతి.

ముందు ఆ కాలం ఎలాంటిదో చూడాలి. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్ళిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1949లో, దేశమంతటా వచ్చింది 1955లో. 1938 నాటికి మగవాడు ఇద్దరిని పెళ్ళాడటం చట్టప్రకారం తప్పు కాదు. సంతానం లేదని పెద్ద భార్య ఉండగానే ఇంకొకరిని చేసుకున్నవాళ్ళు ఊరూరా ఉండేవారు. కాబట్టి సూరమ్మ గారు మీ తాతయ్యకు తాళి కట్టించుకున్న భార్య, ఆ దస్తావేజే ఆ మాట చెబుతోంది. "పెద్ద భార్య" అని మీ తాతయ్య చేత్తో ఒప్పుకుని రాయించిన మాట అది. అత్తయ్య లేచి వెళ్ళిపోయారు కాబట్టి అందులో ఏదో పరువు తక్కువ సంగతి ఉందని మీరు భయపడుతున్నట్టున్నారు. ఆవిడ మౌనానికి కారణం అది కాకపోవచ్చు. తన తల్లి వల్ల ఇంకొక మనిషికి అన్యాయం జరిగిందన్న బాధ కావచ్చు. చిన్నప్పుడు "ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు" అని ఎవరో గదమాయించి ఉండొచ్చు. ఆవిడ చెప్పేదాకా మనకు తెలియదు.

ఆ దస్తావేజును మాత్రం మీరు ఇంకా పూర్తిగా చదవలేదనుకుంటాను, ఎందుకంటే సాక్షుల పేర్లు ఉత్తరంలో రాయలేదు. అవి చూడండి. ఇలాంటి మనోవర్తి కాగితానికి ఆవిడ పుట్టింటి తరఫు మనిషి ఎవరో ఒకరు, అన్నో, మేనమామో, సాక్షిగా నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. సాక్షుల్లో మీ ఊరుగాని ఊరివాడు ఉంటే సూరమ్మ గారి పుట్టిల్లు బహుశా ఆ ఊరే. తర్వాత నాలుగు హద్దులు చూడండి. తూర్పున ఎవరి భూమి, ఉత్తరాన ఎవరి భూమి అని రాసిన చోట పంపకాల్లో విడిపోయిన అన్నదమ్ముల పేర్లు తగులుతాయి. ఆ రంగం వెళ్ళిన వీరాస్వామి పేరు హద్దుల్లో ఉంటే, 1938 నాటికి ఊళ్ళో ఆయనకు ఇంకా భూమి ఉన్నట్టే లెక్క. కాగితం వెనక్కి తిప్పితే రిజిస్ట్రేషన్ వాళ్ళ రాత, వేలిముద్రలు, దస్తావేజు నంబరు ఉంటాయి. పగటి వెలుతురులో రెండువైపులా ఫోటో తీసుకోండి. దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి, జిగురుకు ఆ కాగితం పాడైపోతుంది, మళ్ళీ విడదీయలేరు.

ఇంకో సంగతి, కాస్త జాగ్రత్తగా చెప్పాల్సింది. నానమ్మ 1995లో 72 ఏళ్ళకు పోయారని రాశారు. పెదనాన్న 1936లో పుట్టారని రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఆయన పుట్టేనాటికి నానమ్మకు పదమూడేళ్ళు. ఈ లెక్క మీకూ తట్టే ఉంటుంది. తట్టకపోతే పెదనాన్న పుట్టిన ఏడు ప్రత్యేకంగా రాసి, కింద గీత గీయరు. పెదనాన్న సూరమ్మ గారి కొడుకేమో అన్నదే కదా మీ అనుమానం?

కావచ్చు, కాకపోవచ్చు. శారదా చట్టం 1930 నుంచే అమల్లో ఉన్నా పసితనపు పెళ్ళిళ్ళు చాలాకాలం ఆగలేదు. పదమూడేళ్ళ తల్లులు అప్పట్లో లేకపోలేదు. పైగా పోయినప్పుడు చెప్పే వయసు ఇంట్లోవాళ్ళ అంచనా. 72 అని రాయించినావిడకు 78 కూడా ఉండి ఉండొచ్చు. ఇటువంటి లెక్క మీద ఆధారపడి ఒక మనిషికి తల్లిని మార్చేయకూడదు. పెదనాన్న బడిలో చేరినప్పటి రిజిస్టరులో సాధారణంగా తండ్రి పేరే ఉంటుంది, తల్లి పేరు దొరక్కపోవచ్చు. జనన మరణాల లెక్కలు ఆ రోజుల్లో ఊళ్ళోనే రాసేవారు. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాక, మరుసటి ఏడు మండలాలు వచ్చాక ఆ పుస్తకాలు చేతులు మారాయి. కొన్ని ఊళ్ళవి ఉన్నాయి, కొన్నిటివి చెదలు తిన్నాయి. అడిగి చూడండి. దొరక్కపోతే అత్తయ్య మాటే ఆధారం.

మరి రాయాలా, వద్దా? మీ ముందు మూడు దారులున్నాయని నాకు అనిపిస్తోంది.

మొదటిది, సూరమ్మ గారి పేరు, ఆ కథ, ఆ కాగితం ఫోటో అన్నీ పెట్టేసి అందరికీ పంచడం. దాచడం ఇష్టం లేని మనిషికి ఇది నచ్చుతుంది. కానీ అత్తయ్య 84 ఏళ్ళ వయసులో తన తల్లి సవతిగా వచ్చిందన్న సంగతిని మనవల వాట్సాప్ గ్రూపులో చూడాల్సి వస్తుంది. పెదనాన్న పిల్లలు తమ నానమ్మ ఎవరన్న ప్రశ్నను అదే గ్రూపులో, పదిమంది ముందు ఎదుర్కోవాల్సి వస్తుంది. ఒకసారి పంపాక వెనక్కి తీసుకోలేరు.

రెండోది, ఆవిడను వదిలేయడం. ఇంట్లో గొడవ ఉండదు. అత్తయ్య మళ్ళీ మామూలుగా మాట్లాడతారు. కానీ ఆ కాగితం పెట్టెలోనే ఉంటుంది. రేపు మీ అమ్మాయో, తమ్ముడి పిల్లలో తెరుస్తారు. "అమ్మకు తెలిసి కూడా రాయలేదు" అనుకున్నాక మీరు రాసిన మిగతా పేర్ల మీద కూడా వాళ్ళకు నమ్మకం పోతుంది.

మూడోది, రెండు పుస్తకాలు పెట్టుకోవడం. మీ దగ్గరుండే నోటుపుస్తకంలో తెలిసినదంతా, సందేహాలతో సహా ఉంటుంది. అందరికీ ఇచ్చే ప్రతిలో తాతయ్య పక్కన ఇద్దరు భార్యల పేర్లు ఉంటాయి: సూరమ్మ, తర్వాత నానమ్మ. అంతే, కథ ఉండదు. పిల్లల గీతలు ఇంట్లో ఇప్పటిదాకా అనుకుంటున్నట్టే ఉంటాయి. దీనికీ చిక్కు లేకపోలేదు. తెలిసి సగం చెప్పినట్టు అనిపిస్తుంది, ఎవరైనా సూటిగా అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండాలి. అయినా నా మనసు ఈ మూడోదాని వైపే ఉంది. ఒక మనిషి ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టింది, 70 సెంట్లు తీసుకుని పక్కకు తప్పుకుంది, తొంభై ఏళ్ళుగా ఆమె పేరు ఎవరూ పలకడం లేదు. పేరైనా ఉండాలి కదా అనిపిస్తుంది నాకు. కానీ అది మీ ఇల్లు. అత్తయ్యతో మాట్లాడాక మీకు ఇంకోలా అనిపిస్తే అదే చేయండి.

పెదనాన్న విషయంలో ఆధారం ఏదైనా దొరికితే, ఆ మాట మొదట వినాల్సింది ఆయన పిల్లలు. అదీ మీ నోటి నుంచి, ఎదురుగా కూర్చుని. కొంతమంది తెలుసుకోవాలనుకోరు. అడిగి చెప్పండి.

అన్నయ్య సంగతికి వస్తాను. ఆయన ఫోన్ మీకు బాధ కలిగించిందని ఉత్తరంలో తెలుస్తోంది. కాని ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడండి. మన ఊళ్ళలో "వంశవృక్షం" అనే మాట ఎక్కడ వినిపిస్తుంది? పట్టాదారు చనిపోయాక పేరు మార్పుకు రెవెన్యూ ఆఫీసుకు వెళితే వంశవృక్షం అడుగుతారు. పంపకాల దావా వేస్తే లాయరు కాగితాల్లో మొట్టమొదట వంశవృక్షం గీస్తాడు. మీకు అది తాతముత్తాతల జ్ఞాపకం, ఆయనకు అది కోర్టు నోటీసుకు ముందు వచ్చే కాగితం. పైగా ఆడపిల్ల ఆ మాట ఎత్తేసరికి ఇంకా భయం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో దేశమంతటా వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే ఉందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఇవన్నీ ఆయన కూడా ఎక్కడో విని ఉంటాడు. ఇక ఆ మనోవర్తి కాగితం. మనోవర్తి కింద ఇచ్చిన భూమి స్త్రీ ఆధీనంలో ఉంటే, యావజ్జీవం మాత్రమే అని రాసి ఉన్నా 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో అది ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. సూరమ్మ గారు 1956 తర్వాత కూడా ఉన్నారా, ఆ భూమి అప్పటికి ఎవరి చేతిలో ఉంది, ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు అన్నవి పొలం ఉన్నవాళ్ళకు టెన్షన్ పెట్టే ప్రశ్నలే.

అందుకని అన్నయ్యకు ఏం చెప్పాలన్నది తేల్చుకునే ముందు మీరు మీకే ఒక జవాబు చెప్పుకోవాలి. మీకు ఆస్తిలో వాటా కావాలా? కావాలనుకుంటే అందులో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. అప్పుడు మీరు ఉత్తరంలో చెప్పిన 1974 నాటి పంపకాల కాగితం పట్టుకుని మంచి సివిల్ లాయరు దగ్గరికి వెళ్ళండి. ఆ పని చేస్తూ, పైకి మాత్రం జ్ఞాపకాల కోసం అంటూ అత్తయ్యను మాట్లాడించకండి. అది తెలిసిన రోజున వాటా వచ్చినా ఇల్లు ఉండదు. వద్దనుకుంటే, ఈ సారి ఊరు వెళ్ళినప్పుడు ఆయన ఇంటికే వెళ్ళి ఆ మాట సూటిగా చెప్పండి. వంశవృక్షం అనే మాటే వాడొద్దు. "నాన్న కర్మల్లో ముత్తాత పేరు నువ్వు ఒకటి అన్నావు, అత్తయ్య ఒకటి అంది. మన పిల్లలకు అదీ తెలీదు. పేర్లు రాసి పెడదాం అన్నయ్యా, నీ దగ్గర పెదనాన్న ఫోటోలుంటే ఇవ్వు" అంటే చాలు. పనిలో ఆయన్నీ కలుపుకుంటే అనుమానం సగం తగ్గుతుంది. నోటుపుస్తకం ఆయన చేతికిచ్చి చూడమనండి, సూరమ్మ గారి పేజీ, పెదనాన్న మీద మీ లెక్క రాసిన పేజీ తప్ప. అవి చెప్పడానికి వేరే రోజు ఉంది. ఆయన ఒకవేళ "అయితే వాటా వద్దని రాసి సంతకం పెట్టు" అంటే మాత్రం అక్కడికక్కడ పెట్టకండి. లాయరుకు చూపించి చెబుతానని లేచి రండి. మాట ఇవ్వడం వేరు, హక్కు వదులుకుంటూ సంతకం చేయడం వేరు.

మీవారు పోయినవాళ్ళ గొడవ మనకెందుకు అన్నారని బాధపడ్డారు. ఆయన వైపు పేర్లు కూడా అడగడం మొదలుపెట్టి చూడండి. మీ అమ్మాయికి సగం చెట్టు ఆయన వైపుదే.

ఆ అమ్మాయికి ఈ రోజే ఒక కబురు చేయండి. వెబ్‌సైట్‌లో పెట్టిన 19 పేర్లలో బతికున్నవాళ్ళు ఎంతమంది? వాళ్ళ పుట్టిన తేదీలు, తల్లుల పుట్టింటి పేర్లు బయటివాళ్ళకు కనిపించకుండా ఆ ఖాతాను ప్రైవేటుగా మార్చమనండి. బ్యాంకులు రహస్య ప్రశ్నలుగా అడిగేవి కూడా అవే. సూరమ్మ గారి పేరు మీరు చెప్పేదాకా అక్కడ ఎక్కించొద్దని కూడా చెప్పండి. పిల్లలు ఉత్సాహంలో ముందు ఎక్కించి తర్వాత అడుగుతారు.

మిగతా కాగితాల పని ఇవన్నీ కుదుటపడ్డాక. భూముల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే కాగితం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. దస్తావేజు నంబరు, సంవత్సరం మీ దగ్గర ఉన్నాయి కాబట్టి నకలు అడగడం తేలిక. మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా గయ వెళ్ళి పిండాలు పెట్టి ఉంటే, అక్కడి పండాలు తమ పుస్తకాల్లో యాత్రికుల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు రాయించుకుంటారు. అత్తయ్యను ఇంకొకటి కూడా అడగండి: చిన్నప్పుడు ఇంటి ముందుకు వచ్చి గోత్రాలు, వంశాలు పాడి వడ్లు పట్టుకెళ్ళేవాళ్ళు వచ్చేవారా అని. పిచ్చుకుంట్లవాళ్ళు అనేవారు, ఇప్పుడు వంశరాజులు అంటున్నారు. మనం నోటుపుస్తకంలో రాయబోతున్నది వాళ్ళు తరతరాలుగా నోటితోనే మోశారు. ఆ కుటుంబాలవాళ్ళు మీ వైపు ఇంకా ఉంటే వెళ్ళి కలవండి, మర్యాదగా సంభావన ఇచ్చి వినండి.

రంగం వెళ్ళిన వీరాస్వామి దొరకడం కష్టమే. మారిషస్‌కో, దక్షిణాఫ్రికాకో కూలికి వెళ్ళినవాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు ఓడ ఎక్కేటప్పుడే రాసేవారు, ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి, కాకినాడలో ఓడ ఎక్కి రంగూన్‌లో దిగినవాడికి అలాంటి కాగితం ఉండేది కాదు. 1942లో జపాను దాడికి భయపడి నడిచి తిరిగొచ్చినవాళ్ళలో ఆయన ఉన్నాడా అన్నది కూడా అత్తయ్యనే అడగాలి. ఉత్తరాలు ఏమైనా వచ్చేవా, డబ్బు పంపేవాడా, ఎప్పటి నుంచి ఆగిపోయాయి అని.

సూరమ్మ గారి గురించి ఎలా ఎత్తాలో తోచడం లేదని రాశారు. పేరు ఎత్తకుండా అడగడానికి ఒక దారి ఉంది. మీ వైపు సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెడతారు కదా. నానమ్మ ఉన్న రోజుల్లో ఆ పీట మీద ఎవరెవరి పేరున ఏమేం పెట్టేవారో అత్తయ్యకు బాగా గుర్తుంటుంది. ఆవిడే దగ్గరుండి మడతలు పెట్టి, పసుపు బొట్టు పెట్టి ఉంటారు. పంచెలు ఎన్ని, చీరలు ఎన్ని అని అడగండి. నానమ్మ తన అత్తగారికి ఒక చీర పెడుతుంది. రెండో చీర ఉండేదేమో అడిగి, ఆవిడ చెప్పేదాకా మీరు ఇంకేమీ మాట్లాడకండి.